నిప్పుకు వచ్చినవాడు

జెర్నా సూది కోసం వెళ్ళింది. పొద్దుటినుంచి పిల్లాడి తోలు చొక్కా కుడుతుంటే ఆమె ఎముక సూది కాస్తా బెజ్జం దగ్గర పుటుక్కున విరిగింది. బోర్తక్ పెళ్ళాం ఎల్కి దగ్గర ఎప్పుడూ సూదులుంటాయి. అడిగితే లేదనదు గానీ, ఇచ్చేముందు ఒక విసురు విసరందే ఆమెకి తోచదు.

"మళ్ళీనా? నీ చేతిలో సూది బతకదు జెర్నా. పళ్ళతో కుట్టుకోరాదూ?" అంది ఎల్కి, ఒళ్ళో చంటిపిల్లని ఊపుతూ. "లోపల ఆయన సంచీలో ఉన్నాయి, తీసుకో. నేను లేస్తే ఇది లేస్తుంది."

"అన్న సంచీలో చెయ్యి పెడితే ఏమీ అనడు కదా వదినా?"

"అనడానికి మనిషి ఇంట్లో ఉంటే కదా! గుర్రాల వెంట పోయాడు. ఆయనకి పెళ్ళాం మొహం కన్నా గుర్రం తోకే ఎక్కువ గుర్తు."

జెర్నా నవ్వుకుంటూ తోలు తెర ఎత్తి లోపలికి వంగింది. బొచ్చు ఏనుగుల దవడలు పేర్చి, పైన తోళ్ళు కప్పిన గుడిసె అది. గుంపుని నడిపించే నడకపెద్ద గుడిసె గనక మిగతావాటికన్నా కాస్త పెద్దది, అంతే. దంతానికి వేలాడదీసిన సంచీలో చెయ్యి పెట్టి అడుగుదాకా తడిమింది. సూదులు దాచే పిట్ట ఎముక గొట్టం దొరికింది. దాని కింద గుండ్రంగా, గట్టిగా మరొకటి తగిలింది. తెలియకుండానే బయటికి తీసింది.

నిప్పుచిప్ప. రెండు ఆల్చిప్పలు మూతికి మూతి ఆనించి, లోపల బంకమట్టి పూసి, చుట్టూ తోలు బిగించి కుట్టింది. నిప్పంటుకున్న చెట్టు పుట్టగొడుగు ముక్కని అందులో పెట్టి మూస్తే రోజుల తరబడి లోపలే నెమ్మదిగా కాలుతూ ఉంటుంది. గుంపులో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. కానీ ఈ కుట్టు ఒక్కరిదే. ఇష్మిది ఎడంచేతి వాటం. ఆమె కుట్టు ఎటు మొదలుపెట్టినా చివరికి వచ్చేసరికి వెనక్కి తిరిగేది. "వంకర కుట్టు, వంకర మనిషి" అని జెర్నా చెల్లెల్ని ఎన్నిసార్లు ఏడిపించిందో.

ఈ చిప్ప ఇక్కడ ఉండడానికి వీల్లేదు. ఇది ఏటికి అవతలి గట్టున ఉండాలి. ఆకులు రాలే రోజుల్లో, తొడ ఎముక విరిగి కదల్లేక పడివున్న ఇష్మి ఒళ్ళో జెర్నాయే తన చేతులతో దీన్ని పెట్టింది.

నడకలో మనిషిని వదలడం కొత్తేమీ కాదు. వెనక చలి తరుముతుంటుంది, ముందు మందలు పోతుంటాయి. నడవలేని మనిషిని మోస్తే మోసేవాళ్ళూ మిగలరు. నడకపెద్ద వదలమంటే వదలాలి. అందరూ ఏడుస్తారు, అందరూ నడుస్తారు. ఒక్కటే కట్టుబాటు: నిప్పిచ్చి వదలాలి. తిండి లేకపోయినా సరే, చివరిదాకా వెచ్చగా ఉండాలి, తోడేళ్ళు దూరంగా ఉండాలి. ఈ గుంపువాళ్ళకి నిప్పు పుట్టించడం తెలియదు. తాతముత్తాతలనుంచి ఒకే నిప్పుని మోసుకుంటూ వచ్చారు. అందులోంచి ఒక తునక ఇవ్వడమంటే మాటలు కాదు. అలా ఇచ్చాక వెనక్కి తిరిగి చూడరు. వదిలిన మనిషి ఆ క్షణంనుంచి చచ్చినవాళ్ళలో లెక్క, ఆ నిప్పు చచ్చినవాళ్ళ నిప్పు. దాన్ని తిరిగి తెచ్చుకున్నవాడు ఇంతవరకూ లేడు.

బోర్తక్ తెచ్చుకున్నాడు. కాలు విరిగిన ఆడమనిషి చేతిలోంచి లాక్కున్నాడు. జెర్నా కళ్ళముందు ఇంకేమీ కనిపించలేదు.

"దొరికిందా?" అని ఎల్కి బయటినుంచి కేకేసింది.

చిప్పని ఉన్నచోటే పెట్టి, గొట్టంలోంచి ఒక సూది తీసుకుని జెర్నా బయటికి వచ్చింది.

"దొరికింది" అంది. వదినా అనలేదు. ఎల్కి ఆ సంగతి గమనించలేదు.

ఆ సాయంత్రం వేటగాళ్ళు తిరిగి వచ్చారు. పొట్టి బొచ్చు గుర్రాన్ని ముక్కలు చేసి భుజాలమీద వేసుకొచ్చారు. బోర్తక్ నేరుగా పెద్ద పొయ్యి దగ్గరికి వచ్చి, రక్తం ఓడుతున్న గుండెకాయని జెర్నా ముందు రాతిమీద పెట్టాడు. మంచి ముక్క ఎప్పుడూ పెద్ద పొయ్యికే.

పెద్ద పొయ్యి జెర్నాది. నడకలో గుంపు నిప్పుని కొమ్ములో పెట్టి మోసేది ఆమె. ఆగినచోట ముందు ఆమె పొయ్యి వెలుగుతుంది, తర్వాత అందులోంచి మిగతా పొయ్యిలు వెలుగుతాయి. పైగా ఈసారి ఏరు దాటేటప్పుడు మంచుగడ్డ తగిలి, నీళ్ళలో పడి, తెలివితప్పి కూడా కొమ్ముని వదలని మనిషి ఆమె. కళ్ళు తెరిచేసరికి కొమ్ము పక్కనే ఉంది, లోపల నిప్పు ఉంది. "ఏటికి నిప్పు తాగనివ్వలేదు మా జెర్నా" అని గుంపంతా చెప్పుకుంటుంది. జెర్నా మొగుడు గోష్ అయితే తనే మోసినట్టు చెప్పుకుంటాడు.

"తీసుకో జెర్నా. పిల్లాడికి కాస్త మెత్తగా కాల్చి పెట్టు, ఒంటికి మంచిది" అన్నాడు బోర్తక్.

రోజూ అయితే "సరే అన్నా" అనేది. ఇవాళ తలెత్తకుండా గుండెకాయని పక్కకి జరిపింది.

"ఏంటి, మొహం అలా పెట్టావు?" అన్నాడు గోష్, అతను వెళ్ళాక. "గుర్రం నీకేమైనా చుట్టమా?"

"నువ్వు నోరు మూసుకుని తిను."

చెబుదామనే ఉంది. కానీ వదిలినవాళ్ళ మాట ఎత్తకూడదు. ఏటిమీద మంచు పగిలేదాకా వాళ్ళ పేరు పలికితే ఆ గొంతు వెంటే చలి గుడిసెలోకి వస్తుందంటారు. పేరు ఎత్తినా తప్పులేని చోటు ఒక్కటే ఉంది. ఎవరి పొయ్యి అయినా ఆరిపోతే ఆ ఇంటిపెద్ద పెద్ద పొయ్యి దగ్గరికి వచ్చి, మంట మీద అరచెయ్యి చాపి, నిప్పు అడగాలి. పెద్ద పొయ్యి మనిషి, అంటే జెర్నా, ఒక్క ప్రశ్న అడగొచ్చు, ఏదైనా సరే. జవాబు పూర్తయ్యేదాకా చెయ్యి తియ్యకూడదు. వచ్చినవాడు అబద్ధమాడాడని పొయ్యి మనిషి అంటే అక్కడితో సరి. ఆ పూటే వాడిని నిప్పు లేకుండా మంచులోకి పంపేస్తారు.

నిప్పు లేకుండా మంచులోకి. ఆ మాట లోపల్లోపల అనుకుంటుంటే జెర్నాకి చాలా హాయిగా అనిపించింది. బోర్తక్ పొయ్యి ఆరిపోవాలి, అంతే.

మర్నాడు పొద్దున్నే ఏటిగట్టుకి పోయింది. చెట్లు లేని నేల అది, గట్టువార మోకాలెత్తు పొదలు తప్ప పుల్ల దొరకదు. పొయ్యిలో వేసేది ఎముకలే. ఎముక లోపల కొవ్వు ఉంటే మంట పట్టుకుంటుంది, తెల్లారేదాకా నిలుస్తుంది. ఎండావానలకి ఏళ్ళ తరబడి పడివున్న ఎముక చూడ్డానికి ఎముకే గానీ పొయ్యిలో వేస్తే రాయితో సమానం. తేడా కంటికి తెలియదు, నాలుకకి తెలుస్తుంది. పాతది నాలుకకి అతుక్కుంటుంది, కొత్తది జారుతుంది. ఎముకలు ఏరి ఇంటింటికీ పంచేది జెర్నాయే.

విరిగిన గట్టులోంచి పొడుచుకొచ్చిన పాత ఏనుగుల ఎముకలు ఒక్కొక్కటే లాగి, మట్టి దులిపి, నాలుక ఆనించి చూసింది. అతుక్కుంటే బుట్టలో వేసింది, జారితే పక్కన పడేసింది. ఇన్నాళ్ళూ చేసిన పనికి ఇది సరిగ్గా తిరగేసిన పని. పెదవులు బూడిదలా ఎండిపోయాయి. తర్వాత గొయ్యిలో కూచుని, నిన్నటి గుర్రం కాలి ఎముక రాతితో పగలగొట్టి, మూలగ తీసి, ఆ చచ్చిన ఎముకలన్నిటికీ పట్టించింది. నున్నగా, తడిగా, నిన్నో మొన్నో కోసినట్టు తయారయ్యాయి. చేతికంటిన మూలగ నాకింది. ఏరు దాటినప్పటినుంచి తిండి సయించని మనిషికి ఆ గోతిలో మొదటిసారి ఆకలేసింది.

ఎల్కి గుడిసె ముందు బుట్ట దించింది.

"ఇన్నా!" అంది ఎల్కి సంబరంగా. "ఏంటి ఇవాళ ఇంత దయ?"

"గాలి మారుతోంది. పిల్ల ఉన్న ఇల్లు కదా."

"నీ కడుపు చల్లగుండ! మా ఆయన ఎప్పుడూ అంటుంటాడు, జెర్నా ఉన్నంతకాలం ఈ గుంపు చలికి చావదని."

ఆ మాటకి జెర్నా ఒక్క క్షణం ఆగింది. బుట్ట వెనక్కి తీసుకునేదేమో కూడా. కానీ ఎల్కి చెయ్యి అప్పటికే ఎముకల మీద పడింది. అన్నవాడు ఎవరో గుర్తొచ్చి జెర్నాకి మళ్ళీ ఒళ్ళు మండింది. ఇష్మి కూడా ఈ గుంపులో మనిషే కదా.

ఆ రాత్రే గాలి ఉత్తరం నుంచి లేచింది. మంచు పైనుంచి పడలేదు, పక్కనుంచి కొట్టింది. గుడిసెల మధ్య మనిషికి మనిషి కనిపించలేదు. తెల్లారి కాస్త తెరిపి ఇచ్చినప్పుడు గోష్ బయటికి పోయి మీసాలనిండా మంచుతో తిరిగొచ్చాడు.

"బోర్తక్ గుడిసెలో పొగ లేదే!"

"అయితే?"

"అయితే ఏంటి? ఆరిపోయింది. నడకపెద్ద పొయ్యి ఆరిపోవడం నేను పుట్టాక చూళ్ళేదు."

"వస్తాడులే అడగడానికి."

జెర్నా పొయ్యిలో ఎముకలు సర్ది, చేతులు తుడుచుకుని, వాకిలికి ఎదురుగా కూచుంది. ప్రశ్న సిద్ధంగా ఉంది. గుడిసె సర్దుకుంటూ, పిల్లాడికి పాలిస్తూ, తోలు గీకుతూ దాన్ని ఎన్నో రకాలుగా అనుకుని చూసుకుంది. బోర్తక్ రాలేదు. మధ్యాహ్నం గాలి మళ్ళీ అందుకుంది. అయినా రాలేదు.

ఆరిన పొయ్యి మనుషులు వేరే పొయ్యి దగ్గర కూచోకూడదు. నిప్పు అడిగి తెచ్చుకోవాలి, లేకపోతే చలిలో ఉండాలి. ఆ గుడిసెలో ముగ్గురూ తోళ్ళన్నీ మీద వేసుకుని ఒకే ముద్దగా పడుకుని ఉంటారని జెర్నాకి తెలుసు. తప్పు చేసినవాడు గనకే రావడం లేదు. ఏం అడుగుతానో వాడికి తెలుసు, అందుకే మొహం చెల్లడం లేదు. అలా అనుకున్న కొద్దీ ఆమె కోపానికి బలం వచ్చింది.

మరో రోజు తెల్లారాక ఎల్కి వచ్చింది. గుమ్మం దాటలేదు. పెదవులు నల్లబడ్డాయి, పిల్ల ఆమె చొక్కాలోపల ఉంది.

"జెర్నా, నన్ను అడగనీ. ఆయన బదులు నేను చెయ్యి చాపుతాను."

"పొయ్యి ఎవరిదో వాళ్ళే రావాలి. నేను పెట్టిన కట్టుబాటా?"

"ఆయన రానంటున్నాడు. పిచ్చెక్కిందేమో తెలీదు. చస్తాం అంటే 'ఇంకాస్త ఆగు' అంటున్నాడు. ఏం జరిగిందే మీ ఇద్దరి మధ్య?"

"వెళ్ళి ఆయన్నే అడుగు."

"పిల్ల ఏడవటం మానేసింది జెర్నా" అంది ఎల్కి.

గోష్ లేచి నిలబడ్డాడు. జెర్నా అతని వైపు చూసిన చూపుకి మళ్ళీ కూచున్నాడు. తన పిల్లాడు పొయ్యి పక్కన పొట్టమీద చెయ్యి వేసుకుని నిద్రపోతున్నాడు. జెర్నా వాడివైపు చూడకుండా ఉండటానికి తోలు గీకే రాయి అందుకుంది.

"రమ్మను" అంది. "వచ్చి అడగమను. నేను ఇవ్వనన్నానా?"

ఎల్కి వెళ్ళాక ఊనా అవ్వ వచ్చింది. గుంపులో అందరికన్నా పెద్దది, మోకాళ్ళు తప్ప అన్నీ పనిచేస్తాయని తనే చెబుతుంది. చంకలో ఒక ఎముక పట్టుకొచ్చింది. సగం నల్లబడి, మిగతా సగం తెల్లగా ఉంది. జెర్నా ఎదురుగా కూచుని ఆ తెల్లటి వైపు నాలుక ఆనించింది. ఎముక నాలుకకి అతుక్కుని వేలాడింది. అవ్వ దాన్ని అలాగే కాసేపు ఉంచి, తర్వాత లాగి కింద పెట్టింది.

"నా నాలుకకీ వయసయిందేమోలే" అంది.

జెర్నా పొయ్యిలో ఎముక ఒకటి ఎగదోసింది.

"ఏదైనా ఉంటే తొందరగా తేల్చుకో అమ్మాయ్. పిల్లలు పెద్దవాళ్ళంత సేపు ఆగలేరు."

"నేను ఎదురుచూస్తూనే ఉన్నానవ్వా."

ఆ మధ్యాహ్నానికి ఎండ వచ్చింది. గాలి పడిపోయి, మంచుమీద వెలుగు కళ్ళలో పొడుస్తోంది. జనం గుడిసెల్లోంచి బయటపడి వాకిళ్ళు తవ్వుకుంటుండగా బోర్తక్ వచ్చాడు. అంత మనిషీ ముసలివాడిలా అడుగులేస్తున్నాడు. అతన్ని చూసి ఒక్కొక్కరే పని ఆపి వెనక నడిచారు. ఎల్కి అందరికన్నా వెనక ఉంది. పెద్ద పొయ్యి ముందు తోళ్ళు పైకెత్తి కట్టేశారు, బయటివాళ్ళకి కూడా కనిపించాలని.

"నిప్పు కావాలి" అన్నాడు బోర్తక్.

"చెయ్యి చాపు."

చాపాడు. వేళ్ళు నీలంగా ఉన్నాయి.

జెర్నా గొంతు సవరించుకుంది. ఎన్నోసార్లు అనుకున్నవన్నీ పోయి, వట్టి మాట మిగిలింది.

"ఇష్మికి నేనిచ్చిన నిప్పుచిప్ప నీ సంచీలోకి ఎలా వచ్చింది?"

ఆ పేరు వినగానే జనం ఒక అడుగు వెనక్కి వేశారు. ఎవరో పిల్ల చెవులు మూశారు.

"ఇంకేదైనా అడుగు జెర్నా. నా సంచీలోంచి సూది తీసుకున్నావని ఎల్కి చెప్పింది, నువ్వు అడగబోయేది ఇదేనని అప్పుడే అనుకున్నాను. అందుకే రాలేదు. ఇది వద్దు" అన్నాడు బోర్తక్.

"అడిగాను. అయిపోయింది."

"ఇంతమందిలో వద్దు."

"ఇంతమందిలోనే చెప్పు."

బోర్తక్ వెనక్కి తిరిగి ఎల్కిని చూశాడు. ఎల్కి చొక్కా లోపలికి చూసుకుంటోంది. అతను మళ్ళీ మంటవైపు తిరిగాడు.

"ఏరు దాటింది ఆఖర్న మనిద్దరం. మధ్యలో మంచుగడ్డ తలకి తగిలి పడిపోయావు. జుట్టు పట్టుకుని లాక్కొచ్చి ఇవతల గట్టున వేశాను. ఊపిరుంది, తెలివి లేదు. కొమ్ము విప్పి చూశాను. నీళ్ళు కారాయి. లోపల పుట్టగొడుగు పిండితే నీళ్ళే." అతను చెయ్యి తియ్యలేదు. "నిప్పు చచ్చిపోయింది. ముందు దాటినవాళ్ళంతా తడిసి గట్టుపైన వణుకుతున్నారు. నీ పిల్లాడు కదలటం లేదని గోష్ అరుస్తున్నాడు. నేను వెనక్కి దాటాను."

"లాక్కున్నావు."

"నన్ను చూసి నవ్వింది. 'ఏం మర్చిపోయావన్నా?' అంది. కొమ్ము తిప్పి చూపించాను. ఇంకేమీ అడగలేదు. చిప్ప తీసి నా చేతిలో పెట్టింది. సగం ఉంచుకోమన్నాను. సగం చేస్తే రెండూ చస్తాయంది. 'అక్కకి మాత్రం చెప్పకు, చెబితే ఆర్పేస్తుంది, దాని మొండితనం నీకు తెలీదు. తనే దాటించానని అనుకోనీ' అంది. సరేనన్నాను. ఇవతలికి వచ్చి నీ కొమ్ము ఆరబెట్టి, అందులో పెట్టి, మూతి కట్టేశాను. చిప్పని ఏట్లో పారెయ్యమంది. చేతులు రాలేదు. అదొక్కటే నేను చేసిన తప్పు."

జెర్నా అతని అరచేతిని చూస్తోంది. చర్మం ఎర్రగా పొంగుతోంది. అబద్ధమాడే మనిషి చెయ్యి కాలకుండా పొట్టిగా చెబుతాడు.

"చెయ్యి తియ్యి" అంది.

బోర్తక్ చెయ్యి తీసి చంకలో పెట్టుకున్నాడు. జనంలోంచి మాటలు ఒక్కసారిగా లేచాయి. ఇది చచ్చినవాళ్ళ నిప్పు. ఈ పొయ్యిలో ఉన్నది మాత్రమే కాదు, ఇక్కడినుంచి పట్టుకెళ్ళి వెలిగించుకున్న ప్రతి పొయ్యిలోనూ అదే. దీనిమీద కాల్చుకు తిన్నారు, దీనిపక్కన పిల్లల్ని పడుకోబెట్టారు. ఆర్పాలి అన్నారెవరో. ఆర్పితే చలికాలం మధ్యలో ఏం చేస్తాం అన్నారింకెవరో. ఒక ముసలాయన మంచు గుప్పిట్లోకి తీసుకుని, ఏం చెయ్యాలో తెలియక అలాగే పట్టుకున్నాడు.

గోష్ పెళ్ళాం పక్కన వంగి చెవిలో అన్నాడు. "అబద్ధమను."

జెర్నా తల తిప్పి చూసింది.

"ఒక్క మాట అనవే. వాడు అబద్ధమాడాడని అను, అయిపోతుంది. నువ్వే దాటించావు, నిప్పు మనదే. అందరూ నమ్ముతారు. చూడు వాళ్ళ మొహాలు, నమ్మడానికి కాచుకుని ఉన్నారు."

నిజమే. అందరూ ఆమె నోటివైపే చూస్తున్నారు. ఆర్పాలన్నవాళ్ళు కూడా ఆ మాట కోసమే చూస్తున్నారు. బోర్తక్ కూడా చూస్తున్నాడు. అతనికి గోష్ ఏం చెప్పి ఉంటాడో అర్థమయింది. తలదించుకుని నిలబడ్డాడు, కాదనలేదు. నిప్పు లేకుండా మంచులోకి. జెర్నా కోరుకున్నది ఇదే, ఇప్పుడు గుంపంతా కలిసి ఆమె చేతిలో పెడుతోంది.

కానీ ఆమెకి కొమ్ము గుర్తొచ్చింది. తెలివి వచ్చిన మర్నాడు దాని మూతి విప్పబోతే ముడి తనది కాదు. తన ముడి లోపలికి తిరుగుతుంది, అది మగవాళ్ళు బల్లేనికి వేసే ముడి. వేళ్ళకి ఆ సంగతి వెంటనే తెలిసింది. అప్పటికే చుట్టూ చేరి అందరూ పొగుడుతున్నారు, ఏటికి నిప్పు తాగనివ్వలేదని. విప్పి, ఆ ముడి మాట మర్చిపోయింది. మర్చిపోవడం అంత సులువుగా జరిగింది.

ఆమె లేచి నిలబడింది.

"నిజమే చెప్పాడు" అంది. "ఆయన పొయ్యి దానంతటదే ఆరలేదు, నేను ఆర్పాను. చచ్చిన ఎముకలకి మూలగ పూసి ఇచ్చాను. ఆ లెక్క ఎల్కితో నేను తేల్చుకుంటాను, మీకెందుకు? మిమ్మల్ని ఒక్కటి అడుగుతాను. మనం వదిలి వచ్చేటప్పుడు ఇష్మి బతికుందా, చచ్చిపోయిందా?"

జనం ఊనా అవ్వ వైపు చూశారు.

"వదిలిన మనిషి వదిలిన మనిషే" అంది ఊనా అవ్వ మెల్లగా.

"నేనడిగింది అది కాదవ్వా. చచ్చిపోయిందనండి, ఇది చచ్చినవాళ్ళ నిప్పు. ఇప్పుడే మంచు పోసేస్తాను, ముందు నా పొయ్యిలో, తర్వాత మీ అందరి పొయ్యిల్లో. లేదు బతికుందనండి, బతికున్న మనిషి తన చేత్తో ఇచ్చిన నిప్పు ఇది. ఉంచుకోండి. కానీ ఊరికే కాదు. ఒక్కొక్కరూ వచ్చి, చెయ్యి చాపి, ఆ మాట నోటితో చెప్పి ఉంచుకోండి."

"ఏంటే నువ్వు అనేది?" అంది ఒక ఆడమనిషి. "బతికున్న మనిషిని వదిలేశామని మా నోటితో చెప్పమంటావా?"

"చెప్పకపోతే ఆర్పుకోండి."

అంత కోపంలో ఆమె ఎప్పుడూ ఇంత నెమ్మదిగా మాట్లాడలేదు. ఏటిగట్టు గోతిలో వేసిన ఆకలి ఇప్పుడు మళ్ళీ వేసింది. ఒక్క మనిషిని పట్టుకోబోతే ఇందరు చిక్కారు.

బోర్తక్ ముందుకి వచ్చాడు. కాలిన చెయ్యి కాకుండా రెండోది చాపాడు.

"బతికుంది. నన్ను అన్నా అంది."

జెర్నా పొయ్యిలోంచి బాగా పట్టుకున్న ఎముక ఒకటి రాతిపలకమీదికి తీసి, దానికి కొత్త ఎముకలు జతచేసి ఎల్కి చేతికి ఇచ్చింది. ఎల్కి ఆమె మొహంలోకి చూడకుండా తీసుకుని పరుగెత్తింది. ఆ చూడకపోవడం చాలాకాలం ఉంటుందని జెర్నాకి అర్థమయింది.

ఊనా అవ్వ మోకాళ్ళు పట్టుకుని లేచింది. "బతికుందే తల్లీ" అంది చెయ్యి చాపి. "దానికి మంచినీళ్ళు కూడా నేనే తాగించాను." తర్వాత మంచు గుప్పిట పట్టుకున్న ముసలాయన వచ్చాడు. తడి చెయ్యే చాపాడు. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు. కొందరు గొణిగారు, మళ్ళీ చెప్పమంది. ఒకతను ఏడ్చి చెప్పాడు. గోష్ చివరిదాకా ఆగి, చెప్పి, పిల్లాణ్ణి ఎత్తుకుని గుడిసె వెనక్కి వెళ్ళిపోయాడు. అవతల గుడిసెమీద పొగ లేచింది. కాసేపటికి అందులోంచి చంటిపిల్ల ఏడుపు వినబడింది, అందరూ అటు తిరిగి విన్నారు.

"అయిందా?" అంది అవ్వ.

"అయింది."

"నీది కాలేదు."

జెర్నా అవ్వ వైపు చూసింది. చిప్పని ఒళ్ళో పెట్టిన చేతులు తనవే. పెడుతూ చెల్లెలి మొహం చూడలేదు, ముడులు చూసింది, మూత చూసింది, తర్వాత లేచి ఏటివైపు నడిచింది. వెనకనుంచి ఇష్మి అక్కా అని పిలిచింది. వదిలినవాళ్ళు పిలిస్తే తిరక్కూడదు కనక ఆమె తిరగలేదు.

మంట మీద అరచెయ్యి చాపింది.

"బతికుంది" అంది. "పిలిచింది."

చెయ్యి తీసెయ్యమని అవ్వ చెప్పింది. రెండోసారి చెప్పేదాకా ఆమె తియ్యలేదు.